జూదమున పుట్టిన ‘కలి’

ఢిల్లీలోని పురానా ఖిలా ప్రాకారముల నడుమ ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు ఇందర్‌పత్ అను పల్లె ఉండెడిది. ఆ పేరు ఇంద్రప్రస్థమునకు రూపాంతరమని సంప్రదాయము. ధర్మరాజు రాజసూయము చేసినదియు, పిమ్మట జూదమున పోగొట్టుకొన్నదియు ఆ నగరమే. ఆ ఓటమిని తలచినప్పుడు మనము ‘కలి ప్రభావము’ అనుట పరిపాటి. కాని పుట్టుకచే కలి దుష్టదేవత కాదు, యుగమును కాదు. అది జూదములో పడు ఒక పందెము పేరు.

వైదిక వాఙ్మయమున కనబడు జూదమునకు సాధనము నేడు మనమెఱిగిన పాచిక కాదు. విభీతక ఫలము, అనగా తాండ్రకాయ. 1907లో ఈ ఆటను గూర్చి గ్రంథము వ్రాసిన జర్మన్ పండితుడు హైన్రిఖ్ ల్యూడర్స్ వివరణము ననుసరించి, కాయలను నాలుగేసి చొప్పున లెక్కింపగా శేషము లేకున్న కృతము, మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి. ఋగ్వేదములోని అక్షసూక్తమున జూదరి, ఒక్కటి అధికమైన అక్షము మూలమున ఇల్లాలిని దూరము చేసికొంటినని వగచును. ఛాందోగ్యమున రైక్వుని మహిమకు ఉపమానము కృతమే. అది గెలిచినవానికి తక్కిన పందెములన్నియు చేరును.

అయినను కలికి అపకీర్తి ఆదినుండియు స్థిరమై లేదు. వాజసనేయి సంహితలోని పట్టికలో నాలుగవ స్థానమున కలి లేదు, ఆస్కందము కలదు. శతపథ బ్రాహ్మణము రాజసూయ ప్రకరణమున కలిని అన్ని పందెములను మించునదిగా పేర్కొన్నది. ఒక ఆటలో ఓటమియైన పేరు వేఱొక సందర్భమున విజయమును సూచించినదన్న మాట.

తరువాత ఈ నాలుగు పేర్లు యుగముల కెక్కినవి. పురాణముల లెక్కలో యుగప్రమాణములు 4,800, 3,600, 2,400, 1,200 దివ్య సంవత్సరములు. నాలుగు, మూడు, రెండు, ఒకటి అను జూదరి లెక్క ఇందు చెక్కుచెదరక నిలిచినది. కలియుగము 4,32,000 మానుష వర్షములైనను, దాని మూలము ఆ మిగిలిన ఒక్క కాయయే.

మహాభారతము కలికి దేహమిచ్చినది. దుర్యోధనుడు కలి అంశమున, శకుని ద్వాపరుని అంశమున జన్మించిరి. నన్నయభట్టు ఆంధ్రీకరించిన నలోపాఖ్యానమునను ఈ ఇరువురే. కలి నలుని ఆవేశింపగా ద్వాపరుడు అక్షములలో ప్రవేశించును. కలి నలుని విడుచుట ఎప్పుడు? ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్క చెప్పి, నలునకు అక్షహృదయము నుపదేశించినప్పుడు. విడిచి కలి చేరినదియు ఆ చెట్టునే. లెక్కలో పుట్టినవాడు లెక్క తెలిసినంతనే తొలగెను. ఈ కథను ధర్మరాజునకు చెప్పిన బృహదశ్వుడు ఆయనకును అక్షహృదయము నొసగెను.

ఒకటిని దురదృష్టముగా నెంచుట మనకే పరిమితము కాదు. రోమనులు హీనమైన పందెమును ‘కుక్క’ యనిరి. ఆంగ్లములోని ‘ఆంబ్సేస్’ ప్రాచీన ఫ్రెంచి నుండి వచ్చినది. రెండు పాచికలును ఒంట్లుగా పడుటకు, అటుపై దౌర్భాగ్యమునకు అది పేరైనది. మన ఇండ్లలోని అష్టాచెమ్మాలో ఎనిమిదియు నాలుగును మేలి పందెములు. కృతముతో దీనికి వంశసంబంధము కలదని నేననను; పోలిక మాత్రము చూడదగినది.

తెలుగువాడు యత్నము విఫలమైనప్పుడు ‘పాచిక పారలేదు’ అనును. అందు వేసిన చేయి కనబడుచున్నది. ‘కలికాలము’ అన్నప్పుడు ఆ చేయి మఱుగుపడి, నేరము కాలముపై పడును. కలిని ఇతర భాషలలోనికి దింపునప్పుడు ‘పాపము’, ‘దుష్టశక్తి’ అను మాటలతో సరిపుచ్చుచున్నాము. అట్లు చేసినచో నలుని కథలో తాండ్రచెట్టు ఎందులకు వచ్చినదో పాఠకునకు తెలియదు. మనుష్యుడు నేర్చుకొని కలిని వదలించుకొనెనన్న కథాసారమును దక్కదు. అనువాదకుడు ఒక్క వాక్యమైనను వెచ్చించి ఆ పందెపు అర్థమును నిలుపుట అవసరము.