నిర్మల చెరువుల ఈతయు, భుజసంధి కథయు

నిర్మల పట్టణమునకు కొయ్యబొమ్మల వలన లభించిన ఖ్యాతి దాని జలాశయములకు లభింపలేదు. కోట బురుజుల నడుమ, ఊరిచుట్టును గొలుసుకట్టుగా నెలకొన్న ఆ చెరువులు, ఒకదాని అలుగు పారినచో వేరొకటి నిండునట్లు అమర్పబడి, పొలములకు నీటిని, గంగపుత్రులకు చేపలను, బడి విడిచిన పిల్లలకు ఈతను తరతరములుగా ప్రసాదించుచు వచ్చినవి.

ఈ సీమలో ఈత నేర్పు గురువు సాధారణముగా అన్నయో మేనమామయో, పరికరము నడుమునకు కట్టిన ఎండు సొరకాయ బుర్ర, విద్యాలయము మోటబావి. అట్లు నేర్చినవాడు తల నీటిపై నిలిపి, చేతులను నీటిలోననే చాచి వెనుకకు త్రోయుచు, అలసినచో ప్రక్కకొరిగి, మరియు నలసినచో వెల్లకిల తేలుచు, ఆవలి గట్టు చేరును. ఇది మోటు ఈత యని పరిహసించువారు కలరు. కాని మాథ్యూ వెబ్ అను ఆంగ్ల నావికుడు 1875 ఆగస్టులో, 21 గంటల 45 నిమిషములు ఈది ఇంగ్లీషు ఛానెలును దాటినది చేతులు నీటిపైకి విసరని రొమ్ము ఈతతోనే గదా!

చేతిని నీటి వెలుపలికి తీసి విసరు పద్ధతి ఆనాటి ఆంగ్లేయులకు పరాయిది. 1844లో ఉత్తరామెరికా ఆదిమవాసులిరువురు లండనులో అట్లు ఈదగా, ఇది సభ్యతకు తగదని అచటివారు మొగము చిట్లించిరి. 1873లో జాన్ ట్రడ్జెన్ దక్షిణామెరికాలో చూచి నేర్చిన బారలతో పందెము గెలిచిన పిమ్మట వారి మనసు మారెను. ఆ తరువాత సోలమన్ దీవుల బాలుడు ఆలిక్ వికమ్, సిడ్నీలోని కావిల్ సోదరులు దానికి కాళ్ల తన్నును చేర్చగా క్రాల్ ఈత రూపొందెను.

వేగము వచ్చెను, దానివెంట నొప్పియు వచ్చెను. మన భుజసంధి యందు ఎముక తల పెద్దది, దానిని ఇముడ్చుకొను గుంట లోతులేనిది. చేయి అన్ని దిక్కులకును తిరుగుట ఆ లోతులేమి వలననే. నిలుకడకై నాలుగు చిన్న కండరములను నమ్ముకొనవలసి వచ్చుటయు దాని వలననే. దినమునకు వేలకొలది పర్యాయములు బారలు వేయగా ఆ కండరములు అలసి, ఎముక తల పైకి జరిగి, మూపుటెముక క్రింద స్నాయువు ఒరసికొనును. కెనడా వైద్యులు కెనడీ, హాకిన్స్ 1974లో దీనికి ‘ఈతగాని భుజము’ అని పేరిడిరి. నా తలంపున ఇందు దోషము పద్ధతిది కొంతయే, లెక్కది అధికము: చెరువులో ఈదువాడు అలసినప్పుడు ఆగును, కొలనులో ఈదువాడు గడియారము ఆగుమన్నప్పుడు ఆగును.

మ్యూనిచ్ ఒలింపిక్సులో 1972లో ఏడు స్వర్ణములు గెలిచిన మార్క్ స్పిట్జ్‌కు శిక్షకుడైన జేమ్స్ కౌన్సిల్మన్, ఈతగాండ్రను నీటి అడుగున చిత్రించి, మోచేయి ఎత్తున నిలిపి ముంజేతితో నీటిని వెనుకకు నెట్టుటలోని బలమును తేటపరచెను. వేగమునకది మేలే, కాని మొండెమును కదల్పక మోచేతిని మాత్రమే బలవంతముగ ఎత్తినచో భుజమునకు కీడు. వల విసరు గంగపుత్రుని గమనింపుడు: ఆతని నడుము తిరిగిన పిమ్మటనే చేయి తిరుగును. క్రాల్‌లోను మొండెము ఇరుప్రక్కలకు దొరలుచుండగా చేయి దానిని అనుసరింపవలెను. బొటనవ్రేలు క్రిందుగా గాక, అరచేయి క్రిందుగా వ్రేళ్లకొనలు మొదట, భుజమునకు ఎదురుగా నీట దిగవలెను. నడిగీతను దాటి ఆవలి ప్రక్కకు పోరాదు. ఊపిరి ఒకమారు కుడివైపున, ఒకమారు ఎడమవైపున తీసికొన్నచో దొరలుట రెండువైపుల సమమగును. దూరమును వారవారము కొద్దికొద్దిగనే పెంచవలెను.

చెరువునుండి కొలనునకు వచ్చిన బాలుడు మానుకొనవలసినది తల ఎత్తుట. తల లేచినకొలది కాళ్లు క్రుంగి, లాగు భారమంతయు చేతులపై పడును. ప్రక్క ఈతను మాత్రము విడువనక్కరలేదు. నొప్పిగల భుజమును పైవైపున నుంచి ఈదినచో ఆ చేయి రొమ్మునుండి తొడవరకే కదలును, తలమీదుగా ఎత్తు పని దానికుండదు; అప్పటికిని నొప్పి విడువనిచో ఈతనాపి వైద్యునికి చూపవలెను.