తోట వైకుంఠం

తోట వైకుంఠం తెలంగాణకు చెందిన ప్రసిద్ధ చిత్రకారుడు. తెలంగాణ పల్లె స్త్రీలను ముఖ్య వస్తువుగా తీసుకొని గీసిన చిత్రాల ద్వారా ఈయన దేశవిదేశాలలో గుర్తింపు పొందాడు.

జీవిత విశేషాలు

వైకుంఠం 1942లో, నాటి హైదరాబాదు సంస్థానంలోని కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో జన్మించాడు. బాల్యంలో ఊరికి వచ్చే నాటక బృందాలలో పురుషులే స్త్రీ వేషాలు వేసేవారు. ఆ వేషాల నిండు రంగులు, అలంకరణ ఈయనను ఆకర్షించాయి. హైదరాబాదులోని లలిత కళల కళాశాలలో చదివిన తరువాత, ఆంధ్రప్రదేశ్ లలిత కళా అకాడమీ ఉపకార వేతనంతో బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో కె.జి.సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందాడు.

నేపథ్యం

బ్రిటిషు పాలనలో మద్రాసు (1850), కలకత్తా (1854), బొంబాయి (1857) నగరాలలో ఏర్పడిన కళాపాఠశాలలు ఐరోపా పద్ధతులను ప్రామాణికంగా బోధించాయి. దీనికి భిన్నంగా 1919లో మొదలైన శాంతినికేతన్ కళాభవన్ దేశీయ సంప్రదాయాల వైపు దృష్టి మళ్ళించింది. సుబ్రహ్మణ్యన్ అక్కడ చదువుకున్నవాడు. జానపద కళలను ఆధునిక చిత్రకళకు మూలధనంగా భావించాడు. ఆ శిక్షణ తరువాత వైకుంఠం తన వస్తువును సొంత ఊరిలోనే వెతుక్కున్నాడు.

శైలి

తొలిరోజులలో ఎక్కువగా బొగ్గుతో గీసిన వైకుంఠం తరువాత రంగులలోకి వచ్చాడు. ఎరుపు, కాషాయం, పసుపుపచ్చ రంగులు ఈయన చిత్రాలలో ప్రధానంగా కనిపిస్తాయి. నల్లని మేనిఛాయ, నుదుటిపై పెద్ద బొట్టు, ముక్కుపుడక, నిండైన శరీరం ఈయన గీసే స్త్రీల లక్షణాలు. అచ్చు పటాల ద్వారా ఇంటింటికీ చేరిన తెల్లని మేనిఛాయ గల దేవతారూపాలకు ఇవి పూర్తిగా భిన్నమైనవి. ఎండలో పనిచేసే మనిషి దేహానికీ నిండుదనం, హుందాతనం ఉన్నాయని ఈ చిత్రాలు చూపుతాయి.

చలనచిత్ర రంగం

బి.నర్సింగరావు దర్శకత్వం వహించిన దాసి (1988) చిత్రానికి వైకుంఠం కళా దర్శకుడిగా పనిచేసి జాతీయ పురస్కారం అందుకున్నాడు. నిజాం పాలనలోని 1920ల నాటి తెలంగాణ ఈ చిత్రానికి నేపథ్యం. పెళ్ళికూతురి వెంట కట్నంగా దొర గడీకి పంపబడిన దాసి జీవితాన్ని ఇది చిత్రించింది. హైదరాబాదు సంస్థానం నేరుగా బ్రిటిషు ఏలుబడిలో లేకపోయినా, పల్లెలలో దొరల పెత్తనం సాగేది. వైకుంఠం చిత్రాలలోని స్త్రీలు నగలతో, వెలుగులీనే చీరలతో కనిపిస్తే, ఈ చిత్రంలో ఆయన రూపకల్పన అదే నేలపై స్త్రీ అనుభవించిన బానిసత్వాన్ని కళ్ళకు కట్టింది.

ప్రాముఖ్యత

తెలంగాణ గ్రామీణ జీవితాన్ని ఆధునిక చిత్రకళలోకి తెచ్చినవారిలో కాపు రాజయ్య, కె.లక్ష్మా గౌడ్‌లతో పాటు వైకుంఠం పేరు చెప్పుకుంటారు.