పౌరశాస్త్ర బోధన

ప్రభుత్వం ఎలా ఏర్పడుతుంది, ఏ పని ఎవరి చేతిలో ఉంటుంది, మనకున్న హక్కులేమిటి, అవి దక్కకపోతే ఎవరిని అడగాలి అన్న సంగతులను బడి వయసులోనే నేర్పే పాఠ్యభాగం పౌరశాస్త్రం. తెలుగు బడుల్లో దీనికి విడిగా పీరియడ్ లేదు. చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రాలతో కలిసి సాంఘిక శాస్త్రంలో ఇమిడిపోతుంది. పిల్లల మాటలో అంతా ‘సోషలే’. మార్కులు తేలిగ్గా వచ్చే భాగమని దీనికి పేరు. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు, రాజ్యసభకు 30, రాష్ట్రపతి పదవికి 35 అని అంకెలు బట్టీపడితే గట్టెక్కవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

పుట్టుక

పౌరుడంటే మొదటి అర్థం పురవాసి, అంటే పట్నంలో ఉండేవాడు. ఇంగ్లీషు ‘సివిక్స్’కు మూలమైన లాటిన్ మాటకూ నగరంతోనే చుట్టరికం. పల్లె బడుల్లో పంచాయతీ గురించి చెప్పే పాఠానికి పట్నపు పేరు స్థిరపడిపోయింది.

మన బడుల్లోకి ఈ సబ్జెక్టు బ్రిటిష్ పాలనలో వచ్చింది. జనంలో సర్కారుపై ధిక్కారం పెరుగుతున్న రోజుల్లో, చెప్పినమాట వినే ప్రజలను తయారుచేసే పనిలో భాగంగా దీన్ని పెట్టారని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రానికి అనుబంధంగా సామాజిక శాస్త్రాలపై వెలువడిన పత్రం గుర్తుచేసింది. స్వాతంత్ర్యం వచ్చాక పుస్తకాల్లోకి రాజ్యాంగం చేరింది. స్వరం మాత్రం చాలాకాలం పాతదే. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో పది ప్రాథమిక విధులను చేర్చింది. 2002లో 86వ సవరణతో అవి పదకొండయ్యాయి. హక్కు దక్కకపోతే ఏ గడప తొక్కాలో చెప్పడం కంటే ఈ పదకొండూ వరసగా అప్పజెప్పించడం మాస్టర్లకు సులువు.

దేశమంతటా ప్రార్థన సమయంలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను రాసింది తెలుగువాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకటసుబ్బారావు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా 1962లో దాన్ని తెలుగులో రాశారు. మిగతా భాషల్లోకి ఆ తర్వాత వెళ్లింది. దేశంపై ప్రేమ, పెద్దలపై గౌరవం దాని సారం. ప్రశ్నించడం దాని పరిధిలోది కాదు. చైనా యుద్ధం జరిగిన ఏడాది రాసిన దాన్నుంచి అది ఆశించడమూ న్యాయం కాదు.

పుస్తకాల్లో మార్పు

2005 చట్రం తర్వాత పాఠ్యపుస్తకాలు తెచ్చే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ‘సివిక్స్’ పేరునే పక్కన పెట్టింది. 6, 7, 8 తరగతులకు సామాజిక, రాజకీయ జీవితం అనే పుస్తకాలు తెచ్చింది. నిర్వచనం బదులు కథతో పాఠం మొదలుపెట్టడం వీటి పద్ధతి. ఆరో తరగతిలో గ్రామ పరిపాలన పాఠం ఇద్దరు రైతుల గట్టు తగాదాతో మొదలై పోలీసు స్టేషనుకు, భూమి రికార్డులు రాసే ఉద్యోగి దగ్గరికి నడుస్తుంది. గట్టు తగాదా తెలియని పల్లె పిల్లవాడు ఉండడు కాబట్టి పాఠం వాడి ఇంటి నుంచే మొదలైనట్టు. ఏడో తరగతిలో ఇళ్లలో పనిచేసుకునే కాంత, తన యజమాని నిలబడ్డ వరసలోనే ఓటుకు నిలబడి సంతోషపడుతుంది. ఆ తర్వాత జబ్బుపడిన కూతుర్ని తీసుకుని సర్కారు ఆసుపత్రి వరసలో నిలబడుతుంది. ఆ వరసలో యజమాని కనిపించడు. సమానత్వం గురించి పది వాక్యాల నిర్వచనం చేయలేని పని ఈ రెండు వరసలు చేశాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన సాంఘిక శాస్త్రం పుస్తకాలూ ఈ దారిలోనే నడిచాయి. చరిత్ర, పౌరశాస్త్రం అన్న పాత గదులు తీసేసి, రాజకీయ వ్యవస్థలు, పరిపాలన వంటి ఇతివృత్తాల కింద పాఠాలు కూర్చారు.

కొత్త పద్ధతికి అడ్డంకులూ వచ్చాయి. 1949లో కార్టూనిస్టు శంకర్ గీసిన బొమ్మ ఒకటి పదకొండో తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో ఉండేది. రాజ్యాంగ రచన నత్తనడకన సాగుతోందని వ్యంగ్యంగా చూపే ఆ బొమ్మ అంబేడ్కర్‌ను అవమానించేలా ఉందని 2012 మేలో పార్లమెంటు అట్టుడికింది. పుస్తకాల ముఖ్య సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. 2024 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతితో మొదలుపెట్టి 2005 చట్రం నాటి పుస్తకాల స్థానంలో కొత్తవి తెస్తోంది.

క్లాస్ లీడరు, స్వపరిపాలన

పుస్తకం ఏం చెప్పినా పిల్లలకు మొదట ఎదురయ్యే ప్రభుత్వం క్లాస్ లీడరు. చాలా బడుల్లో ఆ పదవికి ఎన్నిక ఉండదు. బాగా చదివేవాడినో, గట్టిగా అరవగలిగేవాడినో సారు చూసి పెడతారు. సారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం లీడరు ముఖ్య విధి. స్నేహితుడి పేరు తుడిచెయ్యడం, పడనివాడి పేరు పక్కన ఇంకో గీత పెట్టడం కూడా అక్కడే నేర్చుకుంటారు.

తెలుగు బడుల్లో ఒక సంబరం స్వపరిపాలన దినోత్సవం. ఉపాధ్యాయ దినోత్సవం నాడో, బాలల దినోత్సవం నాడో, పదో తరగతి వీడ్కోలుకు ముందో జరుపుతారు. ఆ రోజు ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని టీచర్లవుతారు. ఒకరు హెడ్‌మాస్టరు, ఒకరు మండల విద్యాధికారి (ఎంఈవో), ఒకరు జిల్లా విద్యాధికారి (డీఈవో), ఒక్కోచోట కలెక్టరు కూడా. చిన్న తరగతులకు పాఠాలు చెబుతారు, సాయంత్రం ఫొటో దిగుతారు. సరదాలో లోటు లేదు, సభాపిరికితనం కూడా పోతుంది. కానీ పేరులో ఉన్న స్వపరిపాలన పనిలో కనిపించదు. పిల్లలు ఆ రోజు వేసే వేషం అధికారిది, అడిగే పౌరుడిది కాదు. నీళ్ల ట్యాంకు ఎందుకు కడగలేదని ఆ ఒక్కరోజు హెడ్‌మాస్టరు తర్వాతి రోజు అడగగలిగితే పేరు సార్థకమయ్యేది.

యువ పార్లమెంటు దీనికి పెద్ద రూపం. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల సదస్సు సిఫారసు మేరకు 1966-67లో ఢిల్లీ బడుల్లో మొదలైంది. కేంద్రీయ విద్యాలయాలకు 1988లో, నవోదయ విద్యాలయాలకు 1997-98లో విడి పథకాలు వచ్చాయి. ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, వాకౌట్ అన్నీ ఉంటాయి, ముందే రాసుకున్న మాటలతో.

నిజంగా అడిగే పిల్లలు

రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీ, పగలు మేకలు కాసే పిల్లల కోసం రాత్రి బడులు నడిపింది. ఆ పిల్లలు 1993 నుంచి బాల సంసద్‌ను, అంటే పిల్లల పార్లమెంటును, ఎన్నుకుంటూ వచ్చారు. ప్రధానమంత్రి, మంత్రులు ఉండేవారు. వీళ్లు ఊరూరా తిరిగి బడి సరిగా నడుస్తోందా, పంతులు వస్తున్నాడా, లాంతరు వెలుగుతోందా చూసేవారు. లోపముంటే సంస్థ పెద్దలను పిలిచి జవాబు అడిగేవారు. పెద్దలు జవాబు చెప్పాల్సి వచ్చేది.

కర్ణాటకలో పనిచేసే పిల్లల సంఘం భీమ సంఘ, కన్సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్ సంస్థ తోడ్పాటుతో 1990లలో మక్కళ పంచాయతీలు వచ్చాయి. మక్కళ అంటే పిల్లల అని అర్థం. వానాకాలంలో వాగు దాటి బడికి వెళ్లడానికి కాలివంతెన కావాలన్నది వాళ్లు పెద్దల పంచాయతీ ముందు పెట్టిన కోరికల్లో ఒకటి. తర్వాత కర్ణాటక ప్రభుత్వం పిల్లల గ్రామసభలు జరపాలని పంచాయతీలకు చెప్పింది.

ఓటు వరకు

పిల్లలు కళ్లారా చూడదగ్గ ఎన్నిక వాళ్ల బడిలోనే ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో ఏర్పడే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఆ ఎన్నిక రోజున పిల్లలను పక్క గదికి పంపకుండా కిటికీ దగ్గర నిలబడనిస్తే ఒక పాఠం ఖర్చు లేకుండా పూర్తవుతుంది.

61వ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గి, 1989 నుంచి అమల్లో ఉంది. కాబోయే ఓటర్ల కోసం 2018 నుంచి ఎన్నికల సంఘం 9 నుంచి 12 తరగతుల వరకు ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులు పెట్టించింది. 17 ఏళ్లు నిండినవారు ఇప్పుడు ఫారం 6తో ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే ఆ లెక్కన పేరు జాబితాలో చేరుతుంది.