విరటుని కొలువు నుండి చిత్రీకరణ స్థలం దాకా: వేధింపులు, పక్కనున్నవారి మౌనం – ఒక పరిశీలన

పని స్థలంలో ఒక స్త్రీ వేధింపులకు గురవుతున్నప్పుడు, బాధితురాలూ వేధించేవాడూ కాని మూడో వ్యక్తి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు సంస్థలు ఇటీవల 'జోక్య శిక్షణ' రూపంలో సమాధానం వెతుకుతున్నాయి. ఆ మూడో వ్యక్తికి తెలుగులో స్థిరమైన పేరు ఇంకా ఏర్పడలేదు. 'ప్రేక్షకుడు' నాటకం చూసేవాడు. 'చూపరి' అన్న మాటలో బాధ్యత ధ్వనించదు. 'సాక్షి' అనగానే న్యాయస్థానం గుర్తుకు వస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో 'పక్కనున్నవారు' అనే వాడుక మాటనే గ్రహిస్తున్నాను. తెలుగు చలనచిత్ర రంగంలో వారి మౌనానికి కారణాలేమిటో, 2018 తర్వాతి పరిణామాలు ఆ మౌనాన్ని ఎంతవరకు కదిలించాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

పేరు కొత్తదే కాని సన్నివేశం మన సాహిత్యానికి కొత్తది కాదు. తిక్కన విరాటపర్వంలో సైరంధ్రి అంతఃపురంలో కొలువు చేసే పనికత్తె. కీచకుని ఉద్దేశం తెలిసీ మద్యం తెమ్మని ఆమెను అతని ఇంటికి పంపినది ఆమె యజమానురాలైన సుదేష్ణ. పారిపోయి సభకు వచ్చిన సైరంధ్రిని కీచకుడు అందరి ఎదుటా తన్నుతాడు. సేనాపతి బలంపై ఆధారపడిన విరటుడు అతనిని దండించలేడు. కంకుని వేషంలోని ధర్మరాజుకు అజ్ఞాతవాసం బయటపడుతుందన్న భయం. ఆ సభలో నోరు మెదపనివారందరూ పిరికివారు కారు, మాట్లాడితే నష్టపోయేవారు. ఈ ఘట్టాన్ని సాధారణంగా ద్రౌపది పాతివ్రత్యం కోసమో భీముని పరాక్రమం కోసమో చదువుతున్నాం. పని స్థల వేధింపుల కథగా చదివితే సుదేష్ణ, విరటుల పాత్రలే ముందుకు వస్తాయి. తెలుగు సినిమా ఈ కథను 1963లో 'నర్తనశాల'గా తీసింది. సైరంధ్రిగా సావిత్రి, కీచకునిగా ఎస్.వి. రంగారావు నటించారు. వెండితెర మీద కీచకుణ్ణి అంత స్పష్టంగా గుర్తించిన పరిశ్రమ, తెర వెనుక విరటుని కొలువును గుర్తించడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

జోక్య శిక్షణ మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1964లో న్యూయార్కులో కిట్టీ జెనోవీస్ హత్యను 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలు రాశాయి. ఆ కథనం అతిశయోక్తి అని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా దాని ప్రేరణతోనే లాటనే, డార్లీ 1968లో ప్రయోగాలు చేసి, చుట్టూ జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరి బాధ్యతాభావం తగ్గుతుందని చూపారు. 2016లో అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ నియమించిన బృందం పని స్థలాల్లో ఇటువంటి శిక్షణను పరిశీలించాలని సూచించింది. నేరుగా అడ్డుకోవడం, దృష్టి మళ్లించడం, మరొకరి సహాయం కోరడం, తర్వాత బాధితురాలిని పలకరించడం వంటివి ఇందులో నేర్పుతారు.

తెలుగు రంగంలో ఈ ప్రశ్నను బహిరంగ చర్చగా మార్చినది 2018 ఏప్రిల్. ఆ నెల 7న నటి శ్రీరెడ్డి హైదరాబాదులోని ఫిల్మ్ ఛాంబర్ ఎదుట అర్ధనగ్నంగా నిరసన తెలిపారు. ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమని, తమ సభ్యులు ఆమెతో నటించరని మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు జారీ చేసింది. ఆ వెంటనే అసోసియేషన్ తన నిషేధాన్ని ఎత్తివేసింది. నిరసన రూపం ఉచితమా కాదా అన్న వాదంలో నాటి చర్చ చాలా భాగం ఖర్చయింది. చరిత్ర దృష్టితో ముఖ్యమైనది వేరొకటి. మాట్లాడినవారికి పని దొరకదన్న భయం అంతవరకు ఊహ, ఆ ప్రకటనతో అది లిఖితపూర్వకమైంది. పక్కనున్న వందలాది జూనియర్ ఆర్టిస్టులు దానిని తమకు ఇచ్చిన పాఠంగా తీసుకుని ఉంటారని ఊహించడం కష్టం కాదు. వారికి పనిని ఇప్పించేది కోఆర్డినేటర్లనే మధ్యవర్తులు. ఫిర్యాదు చేయవలసింది ఎవరి మీదనో, రేపటి పిలుపు రావలసింది తరచు వారి నుండే.

చట్టంలో లోపం లేదా అంటే, పెద్దగా లేదనే నా అభిప్రాయం. 2013 చట్టం రోజుకూలీని, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారిని కూడా ఉద్యోగులుగానే గుర్తిస్తుంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలంటుంది. అవగాహన కార్యక్రమాలు నిర్వహించడం యజమాని విధి అంటుంది. బాధితురాలు స్వయంగా ఫిర్యాదు చేయలేనప్పుడు, సంగతి తెలిసినవారెవరైనా ఆమె లిఖితపూర్వక అంగీకారంతో ఫిర్యాదు చేయవచ్చని అదే ఏటి నియమావళి అనుమతిస్తుంది. అంటే పక్కనున్నవారికి చట్టంలో చోటు ఉంది. కాని కొన్ని నెలల్లో ముగిసే చిత్రానికి యజమాని ఎవరు? ఒక్కో చిత్ర నిర్మాణ యూనిట్‌ను పని స్థలంగా పరిగణించి కమిటీ వేయాలని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ గోదావరిఖని బొగ్గుబాయి ఒక పోలికగా ఉపయోగపడుతుంది. గనిలో పైకప్పు బీటలు చూసిన కార్మికుడు వాటిని చెప్పడానికి వీరుడు కానక్కరలేదు. 1966 గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం అతనికి ముందే శిక్షణ ఉంటుంది. 1955 గనుల నియమావళి కింద కార్మికుల తరఫు ఇన్‌స్పెక్టర్, భద్రతా కమిటీ ఉంటారు. వీటన్నిటి తర్వాతా ప్రమాదాలు జరిగాయన్నది సింగరేణి చరిత్రకు తెలియని విషయం కాదు. అయినా ప్రమాదాన్ని చెప్పడం అక్కడ పనిలో భాగం. సినిమా సెట్టులో అది తిరుగుబాటు. సింగరేణి నేపథ్యంతో 2023లో 'దసరా' వచ్చింది. తెర మీదికి బొగ్గు వచ్చినంత తేలికగా బాయి భద్రతా పద్ధతి సెట్టు మీదికి రాలేదు. గని సంప్రదాయం కూడా స్త్రీల విషయంలో పరిపూర్ణం కాదు. భూగర్భంలో స్త్రీలు పనిచేయడాన్ని 1952 గనుల చట్టం నిషేధించింది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు మాత్రమే సడలింపు వచ్చింది. షిఫ్టుకు ముగ్గురికి తక్కువ కాని బృందంగానే వారిని నియమించాలన్న షరతు అందులో ఉంది. పక్కన మరొకరు ఉండాలన్న ఆలోచన నియమంగా మారిన ఉదాహరణ ఇది.

శిక్షణ తెలుగులోకి వచ్చేటప్పుడు భాషా సమస్య కూడా ఎదురవుతుంది. సెట్టులో 'సార్', 'అన్నా', 'గారు' అనే పిలుపుల దొంతర పనిచేస్తుంది. సహాయ దర్శకుడు అగ్రనటుణ్ణి 'ఆపండి' అనడం ఆ దొంతరలో ఇమడదు. కాని 'మేడమ్, మిమ్మల్ని మేకప్‌కు పిలుస్తున్నారు' అనడం ఇముడుతుంది. దృష్టి మళ్లించే పద్ధతి ఇక్కడికి సరిపోతుందని నేననుకోవడానికి కారణం ఇదే. అనువాద పాఠాలతో నడిచే శిక్షణలు ఈ తేడాను పట్టించుకోవు.

తెలంగాణ ప్రభుత్వం 2019లో పరిశ్రమ ప్రముఖులు, మహిళా హక్కుల కార్యకర్తలతో ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. దాని ఉపసంఘం 2022లో నివేదిక సమర్పించింది. 2024 ఆగస్టు 19న కేరళలో జస్టిస్ హేమ కమిటీ నివేదిక వెలువడిన తర్వాత, తెలుగు నివేదికనూ ప్రచురించాలని నటి సమంత ప్రభుత్వాన్ని బహిరంగంగా కోరారు. 2019లో పరిశ్రమ స్త్రీలు ఏర్పరచుకున్న 'వాయిస్ ఆఫ్ విమెన్' పేరును ఆమె ఆ విజ్ఞప్తిలో ప్రస్తావించారు. పక్కనున్నవారు ఒంటరిగా కాక బృందంగా, పేర్లతో మాట్లాడిన సందర్భం అది.