ఆన్‌సైట్, ఆఫ్‌షోర్: మధ్యలో గడియారం

ఔట్‌సోర్సింగ్, ఆఫ్‌షోరింగ్ అనే మాటల్ని మనం ఒకే అర్థంలో వాడేస్తుంటాం. కంపెనీ తన పనిని బయటి సంస్థకు అప్పగిస్తే ఔట్‌సోర్సింగ్. పని వేరే దేశానికి వెళ్తే ఆఫ్‌షోరింగ్. అమెరికా కంపెనీ హైదరాబాదులో సొంత శాఖ తెరిస్తే అది రెండోదే గాని మొదటిది కాదు.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో కేంద్రం తెరిచి, ఉపగ్రహ లింకు ద్వారా అమెరికాతో కలిసి పనిచేసింది. 1990ల చివర వైటూకే సవరణలు ఎంతోమంది తెలుగువాళ్ళకు దారి చూపాయి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ కూడా అక్కడ అభివృద్ధి కేంద్రం పెట్టింది.

పని దేశం దాటాక ముందుగా మారింది వేళలు. న్యూయార్కుకీ హైదరాబాదుకీ చలికాలంలో 10½ గంటలు, వేసవిలో 9½ గంటల తేడా. కాలిఫోర్నియాకైతే 13½, 12½. ఇండియాలో గడియారం మార్చరు కనుక మార్చిలో, నవంబరులో మీటింగు వేళ ఎవరో ఒకరికి గంట జరుగుతుంది. కాలిఫోర్నియాలో పొద్దున 9 గంటల కాల్ అంటే చలికాలంలో అక్కడివాళ్ళకు రాత్రి 10.30. ఏడాదంతా ఒకే వైపు రాత్రి పాడవకుండా వేళల్ని వంతులవారీగా మార్చుకోవడం న్యాయం.

రెండో మార్పు రాతలో వచ్చింది. "రిపోర్టు సరిగ్గా రావడం లేదు, చూడండి" అని మెయిల్ పెట్టి ఇంటికి వెళ్తే, పొద్దున్నే "ఏ రిపోర్టు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఒక రోజు పోయినట్టే. ఏది పూర్తయింది, ఏది ఆగింది, ఎందుకు ఆగింది, నిర్ణయం ఎవరిది అనే నాలుగు విషయాలూ రాస్తే ఆ రోజు మిగులుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పూర్తిగా రాసిపెట్టగలిగిన పని ఎక్కడికైనా వెళ్ళగలదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరుతో తమ పని నేర్పించి, ఆ తరవాత ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు అమెరికాలో ఉన్నారు. ఆ పని అందుకున్న ఊరు కూడా నిశ్చింతగా ఉండలేదు; అంతకన్నా చవకైన చోటు దొరికినా, ఆ పని యంత్రమే చేయగలిగినా అది అక్కడినుంచీ కదులుతుంది. కస్టమరుకు నిజంగా ఏం కావాలో అడిగి తెలుసుకోవడం, సిస్టమ్ ఆగిపోయినప్పుడు నిర్ణయం తీసుకుని దానికి జవాబుదారీగా నిలబడడం మాత్రం అంత తేలిగ్గా చేతులు మారవు. ఏ దేశంలో ఉన్నా, అలాంటి బాధ్యతలు మన రోజువారీ పనిలో ఎంత భాగమో అప్పుడప్పుడూ లెక్క చూసుకోవడం మంచిది.