దంత సంరక్షణ

పళ్లను, చిగుళ్లను, నాలుకను రోజూ శుభ్రం చేసుకుంటూ పిప్పిపన్ను, చిగుళ్ల జబ్బు రాకుండా చూసుకోవడమే దంత సంరక్షణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉంది. వీటిలో చాలావాటిని ఇంట్లోనే, కొద్ది ఖర్చుతో అడ్డుకోవచ్చు.

పాచి, గార, పిప్పి

పంటి పైపొర ఎనామెల్ ఒంట్లోకెల్లా గట్టి పదార్థం. దానిలో జీవకణాలు లేవు, అందుకే గుంటపడితే ఎముకలా మళ్లీ పూడుకోదు. తోముకున్న కాసేపటికే లాలాజలంలోని ప్రొటీన్లు పంటిమీద పలచని పొర కడతాయి. దానిపై సూక్ష్మజీవులు చేరి పాచి తయారవుతుంది. తీయకుండా వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గారగా మారుతుంది. గార బ్రష్‌తో పోదు, దంతవైద్యుడు పరికరంతో తీయవలసిందే. తీయిస్తే పళ్లు వదులవుతాయని చాలామంది భయపడతారు. నిజానికి చిగురు వాచి, లోపలి ఎముక కరిగి అప్పటికే వదులైన పన్ను గార తొలగాక బయటపడుతుంది, అంతే. గారను అలాగే ఉంచుకుంటే ఎముక ఇంకా కరుగుతుంది.

పాచిలోని సూక్ష్మజీవుల్లో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ ముఖ్యమైనది. ఇంగ్లండ్‌లో జె.కె. క్లార్క్ 1924లో దీన్ని వర్ణించాడు. ఇది చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పంటి ఉపరితలం మీద పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుందని, మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుందని 1940లలో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ కొలిచి చూపాడు. ఆ దశాబ్దంలోనే స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో, సమ్మతి చెప్పే స్థితిలో లేని మానసిక వికలాంగులకు పంటికి అంటుకునే మిఠాయిలు తినిపించి పరిశీలించారు. అది జరగకూడని ప్రయోగం. ఆ మనుషులు పళ్లు పోగొట్టుకోగా తేలింది ఇది: తీపి ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే పళ్లకు ఎక్కువ చేటు. భోజనం చివర ఒక లడ్డూ తినేవారి కంటే, రోజంతా గంటకోసారి చక్కెర టీ చప్పరించేవారి పళ్లకే ముప్పు ఎక్కువ.

తోముకోవడం

రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోముకోవాలి. మెత్తని బ్రష్‌ను చిగురు అంచున ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోమాలి. గట్టిగా రుద్దితే చిగురు వెనక్కి జరిగి వేరు బయటపడుతుంది, చల్లనీళ్లు తగిలినా జివ్వుమంటుంది. పళ్ల సందుల్లోకి బ్రష్ వెళ్లదు కనుక అక్కడ దంతదారం (ఫ్లాస్) వాడాలి. పొద్దున లేవగానే తోముకోవడం తెలుగు ఇళ్లలో తప్పనిసరి అలవాటు. రాత్రిపూట అలవాటు మాత్రం చాలా ఇళ్లలో లేదు. కానీ నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. ఆమ్లాన్ని కడిగి, విరిచేసేది లాలాజలమే. రెండింటిలో ఒకటి తప్పక ఎంచుకోవలసి వస్తే రాత్రిదే ఎంచుకోవాలి.

వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలను తీసిపారేయనక్కరలేదు. కొసను కుంచెలా నమిలి ఓపికగా తోమితే పాచి పోతుంది. దవడపళ్ల వెనక, లోపలి వైపున పుల్ల సరిగా అందదు, దానిలో ఫ్లోరైడూ ఉండదు. ఇటుకపొడి, బొగ్గుపొడి మాత్రం వద్దు. వాటి గరుకుకు ఎనామెల్ అరిగి, కింద పసుపు రంగులో ఉండే డెంటిన్ బయటపడుతుంది. పొగాకు కలిపిన పళ్లపొడులను, పేస్టులను భారత ప్రభుత్వం 1992లో నిషేధించింది.

ఫ్లోరైడ్: రెండు ముఖాలు

తెలుగువారికి ఫ్లోరైడ్ అనగానే, నీటిలో అది ఎక్కువగా ఉండే నల్లగొండ గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాల నుంచి వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు.

ఇదే పదార్థం పేస్టులో ఉంటే పంటికి రక్ష, ఎందుకంటే అది ఎనామెల్‌లో చేరి ఆమ్లానికి అంత తేలికగా కరగని ఖనిజాన్ని ఏర్పరుస్తుంది. ఫ్లోరోసిస్‌లో పంటిమీద మచ్చలు పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, మింగిన ఫ్లోరైడ్ వల్ల. అందువల్ల మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల లోపు వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. ఉమ్మేయడం నేర్పాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. పెద్దలు తోముకున్నాక నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి. పదేపదే పుక్కిలిస్తే పంటిమీద నిలవవలసిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

పిల్లల పళ్లు

పాలపళ్లు 20. సుమారు ఆరేళ్లకు వాటి వెనక నాలుగు పెద్ద దవడపళ్లు వస్తాయి. వీటికి చోటివ్వడానికి ఏ పన్నూ ఊడదు కాబట్టి తల్లిదండ్రులు వీటిని కూడా పాలపళ్లే అనుకుంటారు, పుచ్చినా పట్టించుకోరు. జీవితాంతం నమలడానికి ఉండవలసిన పళ్లవి. వీటి పైనున్న లోతైన గాళ్లను వైద్యులు సీలెంట్ అనే పూతతో మూసేయవచ్చు.

పొగాకు

గుట్కా, ఖైనీ వాడకంతో పాటు ఉత్తరాంధ్ర తీరంలో కొందరు, ముఖ్యంగా స్త్రీలు, నిప్పున్న కొసను నోటిలో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అనే ఈ అలవాటు అంగిలిపై తెల్లమచ్చలకు, క్యాన్సర్‌కు దారితీస్తుందని విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో వైద్య పరిశోధకులు దశాబ్దాలుగా నమోదు చేశారు. నోటిలో నొప్పి లేకపోయినా, రెండు వారాల్లో మానని పుండు, పోని తెల్ల లేదా ఎర్ర మచ్చ కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపించాలి.