స్కూల్‌హౌస్ ఎలక్ట్రిక్

స్కూల్‌హౌస్ ఎలక్ట్రిక్ అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ నగరానికి చెందిన దీపాల తయారీ సంస్థ. 20వ శతాబ్దం తొలి దశకాల్లో అమెరికా బడుల్లో, కార్యాలయాల్లో వేలాడిన దీపాల తీరులో కొత్త దీపాలు, గాజు షేడ్లు చేసి పేరు తెచ్చుకుంది. బ్రయన్ ఫాహర్టీ 2003లో దీన్ని స్థాపించారు.

నేపథ్యం

బల్బుల్లో వాడటానికి సాగే గుణమున్న టంగ్‌స్టన్ తీగను శాస్త్రవేత్త విలియం కూలిడ్జ్ 1910 ప్రాంతంలో సాధించారు. 1913లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ కృషితో వాయువు నింపిన బల్బు వచ్చింది. వెలుతురు బాగా పెరిగింది. ఆ మెరుపు కళ్లకు గుచ్చుకోవడమూ మొదలైంది. పిల్లలు గంటల తరబడి చదివే గదుల్లో అది పెద్ద ఇబ్బంది. బల్బు మొత్తాన్ని పాలగాజులో కప్పేయడం దీనికి విరుగుడైంది. ఫ్లోరైడ్ వంటి పదార్థాల వల్ల ఆ గాజులో ఏర్పడే సూక్ష్మకణాలు కాంతిని చెదరగొడతాయి. లోపలి తీగ కనబడదు, షేడ్ అంతా ఒకే తీరుగా వెలుగుతుంది, బల్ల మీది నీడలు మెత్తబడతాయి. 1938లో మార్కెట్లోకి వచ్చిన ట్యూబ్‌లైట్లు ఈ దీపాలను క్రమంగా పక్కకు నెట్టాయి.

అచ్చులు

ఫాహర్టీకి న్యూయార్క్‌లో పాత గాజు షేడ్ల పోత ఇనుప అచ్చులు దొరికాయి. సంస్థకు పునాది అవే. ఫొటో చూసి షేడ్ ఆకారాన్ని సుమారుగా గీయవచ్చు. అచ్చు చేతిలో ఉంటే వంపు, మెట్లు, మెడ కొలత అన్నీ పాతవాటిలాగే వస్తాయి. పాత పనితనాన్ని కాపాడటమంటే వస్తువులను అద్దాల బీరువాలో దాచడం మాత్రమే కాదు, వాటిని పుట్టించిన పనిముట్లను మళ్లీ పనిలో పెట్టడం కూడా అని ఈ సంస్థ చూపింది.

తయారీ

ఊదే గొట్టం కొనకు కరిగిన గాజు ముద్దను తీసుకుని, రెండు భాగాల అచ్చులో ఉంచి, మూసి ఊదుతారు. గాజు ఉబ్బి అచ్చు గోడలను తాకి ఆకారం పొందుతుంది. తర్వాత ప్రత్యేక కొలిమిలో నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడితే లోపల ఒత్తిడి మిగిలిపోయి గాజు తర్వాతెప్పుడో పగులుతుంది. కొన్ని షేడ్లపై రంగు పట్టీలను చేత్తో వేస్తారు. దీపాల బిగింపు పని పోర్ట్‌లాండ్‌లో జరిగేది.

అమరిక

షేడ్ మెడ అంచు లోహపు గిన్నెలో కూర్చుంటుంది. సాధారణంగా మూడు మరలు దాన్ని పట్టుకుంటాయి. మెడ కొలతల్లో 2¼, 4, 6 అంగుళాలు బాగా వాడుకలో ఉన్నాయి. మరలను గట్టిగా బిగించకూడదు. వేడికి గాజు వ్యాకోచించడానికి కాస్త సందు ఉండాలి.

యాజమాన్యం, ప్రాధాన్యం

దుప్పట్లు, ఇంటి సామాన్లలోకీ విస్తరించిన ఈ సంస్థ తర్వాత తన పేరును స్కూల్‌హౌస్‌గా కుదించుకుంది. 2021లో ఫుడ్52 అనే సంస్థ దీన్ని కొనుగోలు చేసింది. పాత ఇళ్లను బాగుచేసుకునేవారికి ఇటువంటి సంస్థల అసలు మేలు మెడ కొలతల్లో ఉంది: షేడ్ పగిలినా, కొలత కలిసిన కొత్తది బిగిస్తే తాతల నాటి దీపం అదే గదిలో వెలుగుతూనే ఉంటుంది.